కుడివైపు ఆవిడ

ఆ బట్టల దుకాణంలో ఆమెను అందరూ టేపక్క అనేవాళ్లు. మెడలో దండలాగా కొలతల టేపు ఎప్పుడూ వేలాడుతుండేది మరి. భోజనానికి కూర్చున్నా తీసేది కాదు, బస్సెక్కి ఇంటికి చేరాక గానీ అది మెడలోనే ఉందని గుర్తొచ్చేది కాదు.

దుకాణం నాలుగంతస్తులు. కొన్న బట్టలు ఒంటికి అమరకపోతే సరిచేసే గది రెండో అంతస్తులో, ట్రయల్ రూముల వెనక ఉంది. దానికి కిటికీ లేదు. ఒక కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, మేకులకు గుచ్చిన దారపు రీళ్లు, కత్తిరింపు ముక్కలతో ఉబ్బిపోయిన ఒక గుడ్డసంచి. ట్రయల్ రూములకూ ఆ గదికీ మధ్య ఉన్నది పలచని చెక్క గోడ. అవతల అద్దం ముందు నిలబడ్డవాళ్ల మాటలన్నీ ఇవతలికి వినిపిస్తాయి. "ఛీ, ఏంటి ఇలా ఉన్నాను?" అని ఒకామె. "ఈ పొట్ట ఒకటి, ఎక్కడికెళ్లినా నాకంటే ముందు వెళ్తుంది" అని ఇంకొకామె. పక్కన మనిషి లేకపోయినా అద్దంతో చెప్పుకునేవాళ్లు. టేపక్క ఏళ్ల తరబడి మిషను తొక్కుతూ ఆ మాటలే వినేది. లోపలున్నవాళ్లు బయటికొచ్చి బట్ట చేతికిచ్చేటప్పుడు మాత్రం, "కొంచెం వదులు చేస్తారా? ఈ కంపెనీ వాళ్లు మరీ చిన్నగా కుడుతున్నారు" అనేవాళ్లు. "అవునండీ, గుడ్డ మిగుల్చుకుంటున్నారు" అని తనూ వంతపాడేది.

టేపక్క మనిషి భారీ. చిన్నప్పటి నుంచీ అంతే. వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ "నా బంగారుకొండ" అని పిలిచేది. ఆ మాటలో కొండ ఉందని అమ్మకూ తోచలేదు, కూతురికీ తోచలేదు. పెళ్లి మాటలు వచ్చాయి, వచ్చినంత తేలిగ్గానే పోయాయి. అమ్మ పోయింది. తమ్ముడు పెళ్లి చేసుకుని ఊరికి అవతలి చివర కాపురం పెట్టాడు. మొదట్లో ప్రతి ఆదివారం వచ్చేవాడు. తర్వాత ఫోను. ఆ తర్వాత ఫోను కూడా, "ఏం లేదక్కా, ఊరికే చేశా" అనేంత అరుదైపోయింది.

నలభై దాటిన ఆమెకు ఇంట్లో మాట్లాడే నోరంటూ ఉంటే అది టీవీయే. పని నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే దాన్ని పెట్టేది. కంచం ఒళ్లో పెట్టుకుని దాని ముందే తినేది. సీరియల్ మధ్యలో విరామం రాగానే ముందు బిస్కెట్ల ప్రకటన, కరకరమని చప్పుడు చెవిలోకి దూరేలా. దాని తర్వాత ఐస్‌క్రీము. ఆ వెనకే నడుము పట్టుకుని ఏడ్చే ఆడమనిషి, ఒక డబ్బా పొడి, అదే మనిషి నవ్వుతూ గంతులు. తినమని ఒకడు, తిన్నందుకు సిగ్గుపడమని ఇంకొకడు, ఇద్దరూ ఒకే విరామంలో. మొదట్లో టేపక్క దీనికి నవ్వుకునేది. "ముందు మీరిద్దరూ మాట్లాడుకుని రండర్రా" అని టీవీని కసిరేది కూడా. కానీ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గొంతు రోజూ అదే పాట పాడితే ఎంతటి మనిషికైనా ఎక్కకుండా ఉంటుందా? నీళ్లు పడీ పడీ రాయి అరిగినట్టు, ఆ మాట ఆమెలో ఎక్కడో గుంట చేసింది. తిన్న కంచం కడుగుతూ తప్పు చేసినదానిలా వెనక్కి చూసుకోవడం మొదలుపెట్టింది.

దుకాణానికి ఎదురు వీధిలో ఒక స్లిమ్మింగ్ సెంటర్ తెరిచారు. మొదటి వారం ఉచితమని కాగితాలు పంచారు. ఎవరికీ చెప్పకుండా టేపక్క ఒక సాయంత్రం వెళ్లింది. చల్లటి గది, తెల్లటి సోఫాలు. కౌన్సెలర్ అని పిలిచే ఒక చక్కని అమ్మాయి చేయి పట్టుకుని, "మీ ముఖం ఎంత అందంగా ఉంది మేడమ్! ఇది లోపల చిక్కుకుపోయింది, మేము బయటికి తీస్తాం" అంది. ఎన్నేళ్లుగానో ఎవరూ ఆమె చేయి అలా పట్టుకుని మాట్లాడలేదు. చూపించిన చోటల్లా సంతకాలు పెట్టింది. బూడిదరంగు గౌను ఇచ్చి గోడకు నిలబెట్టి ఫొటో తీశారు. నవ్వబోతే ఫొటో తీసేవాడు, "నవ్వొద్దు మేడమ్. భుజాలు జార్చండి, పొట్ట వదిలెయ్యండి" అన్నాడు. వదిలేసింది.

ఆ వారమంతా భోజనానికి బదులు పొడి కలిపిన నీళ్లు తాగింది. వాళ్లు ఒంటికి ప్లాస్టిక్ చుట్టి వేడి దుప్పటి కప్పితే పొట్లంలా పడుకుంది. మిషను మీద కళ్లు తిరిగి సూది వేలిలో దిగింది. చొక్కా చేతికి రక్తం అంటి, దాన్ని ఉతికి ఆరేసేసరికి ఆ చొక్కా కొన్నవాడు కౌంటరు దగ్గర గొడవకు దిగాడు. "నా వల్ల కాదులే" అనుకుని మానేసింది. సెంటర్ వాళ్లు ఫోన్లు చేసి చేసి ఊరుకున్నారు. ఆ సంగతి అంతటితో అయిపోయిందనే అనుకుంది.

వానలు వెలిసిన కొత్తల్లో ఒక పొద్దున బస్సు కూడలి దగ్గర ఆగింది. తల తిప్పి చూస్తే మేడంత బోర్డు. దాని మీద ఎడమవైపు బూడిదరంగు గౌనులో, భుజాలు జారిపోయి, తను. కింద "ముందు" అని రాసుంది. కుడివైపు ఎర్రటి గౌనులో, పొడుగాటి మెడతో, గుప్పిట్లో ఇమిడే నడుముతో నవ్వుతూ ఒక ఆడమనిషి. ఆ నవ్వే ముఖం కూడా తనదే. కింద "తర్వాత".

టేపక్క దిగాల్సిన స్టాపు దాటిపోయింది. వెనక్కి నడిచొచ్చి బోర్డు కింద నిలబడి తలెత్తి చూసింది. ఎడమవైపు చూస్తే తల కొట్టేసినట్టయింది. కుడివైపు చూస్తే మాత్రం కోపం రాలేదు. రావాల్సిన చోట రాకుండా, ఎప్పుడో తప్పిపోయిన తోబుట్టువు దారిలో ఎదురుపడితే ఎలా ఉంటుందో అలా అయింది ప్రాణం. నువ్వు ఇన్నాళ్లూ ఎక్కడున్నావే అని అడగాలనిపించింది.

దుకాణంలో కబురు ఆమెకంటే ముందే చేరింది. కౌంటరు దగ్గరి కుర్రాళ్లు, "అక్కా, ముందు చూశాం. తర్వాత ఎప్పుడు వస్తుంది?" అని ఒకటే నవ్వు. వారం తిరిగేసరికి టేపక్క పోయి ముందక్క అయింది. "ముందక్కా, ఈ ప్యాంటు అర్జంటు." "ముందక్క వెనక గదిలో ఉంది చూడు." ఎవరి మనసులోనూ విషం లేదు. మాట కుదిరింది కదా అని వాడుకున్నారు, అంతే.

ఆ ఆదివారమే మరదలి నుంచి ఫోను. ఎప్పుడో గానీ ఫోను చేయని మనిషి గొంతులో తేనె పోసుకుని మాట్లాడింది.

"వదినా! ఎంత బాగున్నారండీ! చెప్పనే లేదే మాకు? మా అమ్మావాళ్లు కూడా చూశారు. 'మీ ఆడపడుచేనా?' అని అడుగుతుంటే నాకెంత గొప్పగా ఉందో!"

టేపక్క టీవీ గొంతు తగ్గించింది.

"వచ్చే వారం పాప పుట్టినరోజు. మీరు తప్పకుండా రావాలి. అందరూ మిమ్మల్ని చూడాలంటున్నారు. ఆ ఎర్ర గౌను వేసుకు రండి వదినా."

"అలాగేనమ్మా" అంది టేపక్క. ఆ ఇంటికి పిలుపు వచ్చి ఎన్నాళ్లయిందో. ఇన్నాళ్లకు వచ్చింది గానీ, వాళ్లు పిలిచింది తనను కాదు, కుడివైపు ఆవిడను. ఆవిడ వస్తే కూర్చోబెట్టడానికి మంచి కుర్చీ కూడా తుడిచి పెట్టి ఉంటారు. తను వెళ్తే ఆ గుమ్మంలో వాళ్ల ముఖాలు ఎలా మారతాయో కళ్లకు కట్టింది. పుట్టినరోజునాడు జ్వరమని చెప్పి ఇంట్లోనే పడుకుంది.

మర్నాటి నుంచి ఆమె ఆ పొడి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తానే కొని తెచ్చుకుంది. కడుపులో ఎలుకలు పరుగెడుతుంటే ఆ బోర్డును తలచుకునేది. అద్దం మీద దుప్పటి కప్పింది. తగ్గాక తీద్దామని.

ఆ ప్రకటన బోర్డు మీదే ఆగలేదు. దుకాణం లిఫ్టులో కూడా గోడకు అతికించారు. ఆ లిఫ్టు నడిపే ఆవిడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక స్టూలు మీద, ఆ బొమ్మకు ఎదురుగా కూర్చునేది. ముప్పై ఏళ్లుంటాయి. రెండో కాన్పయ్యాక కాస్త ఒళ్లు చేసింది. నిజానికి ఒళ్లు చేసిందనడానికి కూడా లేదు, బిడ్డల తల్లిలా ఉంది, అంతే. కానీ మొగుడు భోజనాల దగ్గర, "ఇంకో ముద్ద పెట్టుకో, లిఫ్టు మొయ్యలేనంటే మెట్లెక్కొచ్చు" అనేవాడట. హాస్యానికే అనేవాడట. హాస్యం కాబట్టి ఏడవడానికి కూడా వీల్లేదు.

ఒకరోజు బట్టల కట్ట మోసుకుంటూ టేపక్క లిఫ్టెక్కింది. ఇంకెవరూ లేరు. ఆవిడ బొమ్మ వంకా మనిషి వంకా చూసి, మెల్లగా అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. నవ్వులాటకు అడగట్లేదు. నువ్వు నిజంగానే అంత తగ్గావా?"

అందరూ ఎగతాళి చేసేవాళ్లే గానీ నిజంగా అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. ఆ కళ్లలో ఆశ చూసేసరికి, ఒక్క క్షణం తనే కుడివైపు ఆవిడ అయిపోయింది టేపక్క. నోరు జారింది.

"తగ్గాను చెల్లీ. మధ్యలో మానేశాను, మళ్లీ వచ్చేసింది. ఇప్పుడు మళ్లీ మొదలెట్టా."

"అయితే పనిచేస్తుందన్నమాట!"

"చేస్తుంది" అంది టేపక్క.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం విరామంలో లిఫ్టు ఆవిడ వెనక గదికి రావడం మొదలైంది. ఇద్దరూ ఇస్త్రీ బల్ల మీద రెండు గ్లాసులు పెట్టుకుని, పొడి కలుపుకుని, ముక్కు మూసుకుని తాగేవాళ్లు. "సున్నం నీళ్లలా ఉంది కదక్కా?" "సున్నమైతే వెల్లైనా వేసుకోవచ్చు, దీన్నేం చేసుకుంటాం?" అని పడీ పడీ నవ్వుకునేవాళ్లు. తినని తిండి గురించే మాట్లాడుకునేవాళ్లు. వాళ్ల వాళ్ల అమ్మలు వండిన కూరల గురించి, ఆకలేసినప్పుడు వేడన్నం మీద వచ్చే ఆవిరి గురించి. కడుపు ఖాళీగా ఉన్నా ఆ గది నిండినట్టుండేది. టేపక్కకు ఇన్నేళ్లలో మధ్యాహ్నం పూట ఒక తోడంటూ దొరకడం అదే మొదలు. ఆవిడ నడుము సన్నబడుతుంటే, యూనిఫాం బిగించి కుట్టి ఇస్తూ మురిసిపోయింది. తన ఒళ్లు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. లోపలేదో చెడి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. ఆ మాట చెల్లికి చెప్పలేదు. చెబితే ఆ రెండో గ్లాసు ఇక రాదేమోనని భయం.

లిఫ్టు ఆవిడ పొడితో ఆగలేదు. సెంటర్‌లో ఒంట్లో నీళ్లు తీసేసే మాత్రలు కూడా అంటగట్టారు. పెదవులు ఎండి పగిలేవి, కాళ్లు లాగుతున్నాయనేది. "తగ్గేటప్పుడు అలాగే ఉంటుందట కదా అక్కా?" అని అడిగేది. టేపక్క అవునని తలూపేది.

ఒక మధ్యాహ్నం లిఫ్టు రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది, మళ్లీ మూసుకోలేదు. జనం గుమిగూడారు. టేపక్క పరుగున వచ్చి చూస్తే, చెల్లి స్టూలు పక్కన నేల మీద ఒరిగిపోయి ఉంది, పైన గోడ మీద ఎర్ర గౌను బొమ్మ నవ్వుతోంది.

ఆసుపత్రిలో డాక్టరు, ఒంట్లో లవణాలు బాగా పడిపోయాయనీ, గుండె లయ తప్పిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదనీ చెప్పాడు. మొగుడు పిల్లను చంకనేసుకుని వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మంచం పక్కన నిలబడ్డ టేపక్కను చూసి, "మీరేనా అండీ ఆ బోర్డు మీదావిడ? ఇంట్లో రోజూ మీ పేరే. అక్క తగ్గింది, నేనూ తగ్గుతానని" అన్నాడు.

టేపక్క దాచలేదు.

"తగ్గలేదు బాబూ. నేను ఎప్పుడూ తగ్గలేదు. కుడివైపున్నది నేను కాదు. వాళ్లు కంప్యూటర్లో చేసిన బొమ్మ."

మంచం మీద చెల్లి కళ్లు తెరిచే ఉంది. విన్నది. "మరి తగ్గానన్నావు కదక్కా" అని మాత్రం అంది, గొంతు పైకి రాకుండా. తర్వాత ముఖం గోడవైపుకు తిప్పుకుంది. టేపక్క చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ ముఖం మళ్లీ ఇటు తిరగలేదు.

ఆసుపత్రి నుంచి తిన్నగా సెంటర్‌కే వెళ్లింది. అదే కౌన్సెలర్, అదే తేనె గొంతు.

"ఆ బోర్డు తీసెయ్యండమ్మా" అంది టేపక్క.

"మేడమ్, మీరు సంతకం పెట్టారు కదా. అయినా మీ ఫొటో చూసి ఎంతమందికి ధైర్యం వచ్చిందో మీకు తెలీదు. మీకు పూర్తి కోర్సు ఫ్రీగా ఇప్పిస్తాను, కూర్చోండి."

"నాకు కోర్సు వద్దు. ఆ ఎర్ర గౌను ఆవిడ్ని ఒకసారి పిలవండి. ఆవిడతో మాట్లాడాలి."

కౌన్సెలర్ నవ్వు ఆగిపోయింది. "అదేంటి మేడమ్, ఆవిడంటే... మీరే కదా?"

"నేనైతే ఇక్కడే ఉన్నాను. చూడండి. ఆవిడేది?"

సోఫాల్లో కూర్చున్న ఆడవాళ్లు తలలెత్తారు. టేపక్క వాళ్లవైపు తిరిగింది. నలుగురిలో గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. "ఎడమవైపున్నది నేనమ్మా. కుడివైపు ఎవరూ లేరు. ఈ పొడి తాగి మా చెల్లి ఆసుపత్రిలో పడుంది." ఒకామె సంచి తీసుకుని లేచి వెళ్లిపోయింది. ఇంకొకామె, "పాపం, ఈవిడకు తగ్గలేదని కడుపుమంట" అంది పక్కావిడతో. కాపలా మనిషి వచ్చి, "పదమ్మా, బయటికి" అన్నాడు. అతని గొంతు మెత్తగానే ఉంది.

తర్వాత కొన్నాళ్లపాటు మధ్యాహ్నం విరామంలో ఆమె ఆ బోర్డు కింద నిలబడేది. ఆగి చూసే ఆడవాళ్లు కనిపిస్తే వెళ్లి అదే మాట చెప్పేది. కొందరు విన్నారు, కొందరు పిచ్చిదనుకుని పక్కకు తప్పుకున్నారు, ఒకరిద్దరు పక్కన నిలబడి ఫొటో దిగారు. దుకాణం మేనేజరు పిలిచి, "అక్కా, మన లిఫ్టులో ఆ ప్రకటనకు వాళ్లు డబ్బు కడుతున్నారు. నా ఉద్యోగం పోగొట్టకు" అన్నాడు. టేపక్క నిలబడటం మానలేదు. ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి బోర్డు మీద ఎవరో నిచ్చెనెక్కి పాత బొమ్మ చింపుతున్నారు. ఆమె మాటకు కాదు, గడువు అయిపోయిందట. సాయంత్రానికి అక్కడా, లిఫ్టులోనూ ఐస్‌క్రీము ప్రకటన వచ్చింది.

లిఫ్టు ఆవిడ కోలుకుని పనిలోకి తిరిగొచ్చింది. ముఖం మళ్లీ నిండుతోంది. టేపక్క ఎక్కిన మొదటిరోజు, "ఏ అంతస్తు?" అని అడిగింది, కొనడానికొచ్చినవాళ్లను అడిగినట్టు. "రెండు" అంది టేపక్క. ఆ రెండంతస్తుల ప్రయాణం ఎంతకీ తెమల్లేదు. దిగేటప్పుడు, "నన్ను క్షమించు చెల్లీ" అంది. ఆవిడ మీటల వంకే చూస్తూ, "తలుపు అడ్డం రాకండి" అంది. ఆ తర్వాత టేపక్క కట్టలు భుజానేసుకుని మెట్లెక్కడం అలవాటు చేసుకుంది. వెనక గదిలో మధ్యాహ్నాలు మళ్లీ మునుపటిలాగే అయ్యాయి. కాకపోతే ఇప్పుడు డబ్బా తెరిచి తింటోంది. అన్నం, కూర. చెక్క గోడ అవతల ఎవరో అద్దాన్ని తిట్టుకుంటుంటే, నములుతున్నదల్లా ఆగి వినేది. ఏదైనా అందామనుకునేది. గోడకు చెప్పి ఏం లాభమని మళ్లీ ముద్ద కలుపుకునేది.

ఒక ఆదివారం పొద్దెక్కాక తలుపు చప్పుడైంది. తీస్తే తమ్ముడు. ఒక్కడే వచ్చాడు. చేతిలో పళ్ల సంచి. కణతల దగ్గర జుట్టు నెరిసింది. అక్కను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు, ఆ తడబాటును దాచుకోవడానికి వంగి చెప్పులు విప్పుకున్నాడు.

"ఏరా, చెప్పకుండా వచ్చావు?"

"ఊరికేనక్కా." కూర్చున్నాడు. గదంతా కలయజూశాడు. నీళ్లు తాగాడు. కాసేపటికి, "ఆ కూడలిలో బోర్డు తీసేశారు కదా" అన్నాడు.

"తీసేశారు."

"నేను ఆఫీసుకు రోజూ ఆ దారినే వెళ్తా. పొద్దున్నే సిగ్నల్ దగ్గర ఆగితే నువ్వు కనపడేదానివి. పొద్దున్నే అక్కను చూశాంలే అనిపించేది. తీసేశాక నాలుగు రోజులు ఏదో వెలితిగా ఉండింది."

"ఏ వైపు చూసేవాడివిరా? ఎడమా, కుడా?"

"ఎడమవైపే. ఆ కుడివైపావిడెవరో నాకేం తెలుసు?" అన్నాడు తమ్ముడు తేలిగ్గా.

ఆమె పళ్ల సంచి తీసి గూట్లో పెట్టింది. మెల్లగా అంది, "రోజూ ఆ దారినే వెళ్తావు కదా. బోర్డును చూసే బదులు ఇంటికి రావచ్చు కదరా?"

తమ్ముడు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూపులు చూశాడు. చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి అమ్మ ముందు అలాగే కూర్చునేవాడు. అక్క లేచి పొయ్యి వెలిగించింది. బియ్యం కడిగింది. అలవాటుగా ఒక్కరికే కొలవబోయి, ఆగి, ఇంకో గుప్పెడు వేసింది.

తిన్నాడు, రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. వెళ్తూ, "వచ్చే ఆదివారం పాపను తీసుకొస్తానక్కా" అన్నాడు. వచ్చే ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మరదలికి ఒంట్లో బాగా లేదని ఫోను చేశాడు. నెల తిరిగాక ఒకరోజు వచ్చాడు, పాప లేకుండానే, హడావుడిగా, బండి తాళం చేతిలోనే పట్టుకుని. గ్లాసుడు నీళ్లు తాగి, కుశలం అడిగి, పనుందని వెళ్లిపోయాడు.

టేపక్క గుమ్మంలో నిలబడి, మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి పోయేదాకా విన్నది. లోపలికొచ్చి టీవీ పెట్టబోయి పెట్టలేదు. కిటికీ తెరిచింది. కింద వీధిలో ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు. తనను అలా పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్లయిందో అనుకుంటూ వింది.